కిరీటాలు లేని రాకుమార్తెలు, మా కొలువులో ఓ మెట్టు

ఆగస్టు 3, ఆదివారం

మొదలుపెట్టేశా. అంటే ఓ కిలో పాత పేపర్లు చింపి బకెట్లో నానబోశా, ప్రస్తుతానికి ప్రాజెక్టు అంటే అదే.

సంగతేంటంటే మా ఇంట్లో ఏటా బొమ్మల కొలువు పెడతాం. అత్తయ్యది గుంటూరు పక్క పల్లె, వాళ్లకి సంక్రాంతికి పెట్టే ఆనవాయితీ, హైదరాబాద్ వచ్చాక పాప సెలవుల్ని బట్టి దసరాకి మార్చేశారు. పోయినేడు మా పాప తన ప్రిన్సెస్ బొమ్మల సెట్టంతా తెచ్చి రాజుల మెట్టు మీద వరసగా నిలబెట్టింది, పేరంటానికొచ్చిన పక్కింటావిడ ములాన్ బొమ్మని చూపించి "ఈ పిల్ల ఏ రాజుగారి కూతురు?" అనడిగితే చెప్పబోయి ఆగిపోయా. ఎందుకంటే ములాన్ ఏ రాజు కూతురూ కాదు, పెళ్లాడబోయేది రాజునీ కాదు. ముసలి తండ్రి బదులు మగవేషం వేసుకుని సైన్యంలో చేరిన పిల్ల. అయినా డిస్నీ వాళ్ల ప్రిన్సెస్ లిస్టులో ఉంది. ఫ్రోజెన్‌లో ఎల్సా, అన్నా నిజంగా రాజుగారి కూతుళ్లే, వాళ్లు ఆ లిస్టులో లేరు. స్టార్ వార్స్ లేయాకైతే పేరుకి ముందే ప్రిన్సెస్ అని ఉంటుంది, ఆ సినిమాలు తీసిన లూకస్‌ఫిల్మ్‌ని 2012లో డిస్నీయే కొనేసింది, ఆమె కూడా లేదు. అంటే అది వంశవృక్షం చూసి రాసిన లిస్టు కాదు, షాపులో ఒకే అరలో ఏవి బాగా అమ్ముడుపోతాయో చూసుకుని వేసుకున్న లిస్టు. అలాంటప్పుడు నా ఇంట్లో మెట్టుకి నా లిస్టు నేనేసుకుంటే ఎవరేమంటారు.

ప్లాను: ఆరంగుళాల బొమ్మలు ఏడు, పేపరు గుజ్జుతో. సెప్టెంబర్ 22కి కొలువు. ఏడు వారాలు.

ఆగస్టు 5, మంగళవారం

రెండ్రోజులు నానిన పేపర్లని పాత మిక్సీ జార్లో రుబ్బా (ఆ జార్ మళ్లీ వంటింట్లోకి రాదని అత్తయ్యకి మాటిచ్చి). గుడ్డలో వేసి పిండి, నానబెట్టి రుబ్బిన మెంతులు కలిపా, ఉడకబెట్టిన మైదా జిగురు కలిపా. మా అమ్మమ్మ ఇదే గుజ్జుని బిందె మీద బోర్లా మెత్తి బుట్టలు చేసేది, మెంతులెందుకంటే గుజ్జు సాగి పట్టు దొరుకుతుంది, పురుగు కూడా చేరదనేది. జిగురులో చిటికెడు మైలుతుత్తం వేశా, బైండింగు వాళ్లు వేసేదే, కాకపోతే అది విషం కాబట్టి పాపని ఆ రోజు బాల్కనీలోకే రానివ్వలేదు, చేతులకి గ్లోవ్స్ వేసుకున్నా.

నిజానికి ముందు ఆన్‌లైన్లో రెడీమేడ్ క్లే తెప్పించా. ప్యాకెట్ విప్పితే పటికబెల్లం ముక్కలా ఉంది. రిటర్న్ తీసుకోం అన్నారు. వదిలేశా.

ఎవరెవర్ని చేయాలా అని నోట్‌బుక్కులో రాస్తుంటే పేజీ నిండిపోయింది, ఏదో ఒక రూలు లేకపోతే తెగేలా లేదు. చాలాసేపు ఆలోచించి ఇలా పెట్టుకున్నా: తప్పించుకునే దారి ఉండి కూడా ఎవరికోసమో వెనక్కి తిరిగిన పిల్ల అయ్యుండాలి. కిరీటం, గౌను, రాజు కొడుకు, ఇవేవీ చూడను. ఈ జల్లెడ పట్టగానే లిస్టు సగానికి సగం పోయింది, మిగిలినవాళ్లు చాలా గట్టివాళ్లు.

ఆగస్టు 10, ఆదివారం

లేయా. హార్డ్‌వేర్ షాపులో స్లాబు ఊచలు కట్టే బైండింగ్ వైరు పావుకిలో తెచ్చి రెండు పోగులు మెలేసి అస్థిపంజరం చేశా, దాని మీద ఫాయిల్ ముద్దలు, ఆ పైన గుజ్జు. ఒకేసారి మందంగా మెత్తకూడదు, పల్చగా ఒక పొర, అది ఆరాక ఇంకో పొర. ఈ మాట నాకు తెలుసు, అయినా మందంగానే మెత్తా.

1977 స్టార్ వార్స్ సినిమా, లేయాగా వేసిన క్యారీ ఫిషర్‌కి షూటింగప్పుడు 19 ఏళ్లు. ఆ సినిమాలో నాకెప్పటికీ నచ్చే ముక్క జైలు సీను, ఆమెని విడిపించడానికి వచ్చిన మగాళ్లు బయటికెలా పోవాలో ఆలోచించకుండానే వచ్చేస్తారు, అటు ఇటు కాల్పుల మధ్య ఇరుక్కుపోయి నిలబడితే ఈ పిల్లే తుపాకి లాక్కుని గోడకి కన్నం పెట్టి చెత్త పడే గొట్టంలోకి దూకండని అందర్నీ తోలుతుంది. విడిపించబడాల్సిన మనిషే విడిపించడం అన్నమాట. తర్వాతి సినిమాలో (1980) శత్రువుల ఊరి నుంచి ఎగిరిపోతున్న ఓడని లూక్ (జైల్లోంచి విడిపించడానికి వచ్చినవాళ్లలో ఒకడు) కోసం వెనక్కి తిప్పిస్తుంది, కాబట్టి రూల్లో పాసు.

అత్తయ్య వచ్చి కాసేపు చూసి, "ఏంటమ్మా ఈ పిల్ల చెవుల మీద జంతికలు పెట్టుకుంది?" అన్నారు. అంతే, ఇంట్లో ఆ బొమ్మ పేరు జంతికల పిల్ల అయిపోయింది. నిజానికి జడచుట్లని నేను చేసింది కూడా జంతికల గొట్టంతోనే, గుజ్జుకి మైదా ఎక్కువ కలిపి సన్నబిళ్ల వేసి ఒత్తా, భలే వచ్చాయి. ఈ సంగతి అత్తయ్యకి ఇంకా తెలీదు.

ఆగస్టు 15, శుక్రవారం

నాలుగురోజులుగా ముసురు. లేయా వీపంతా బూజు.

ఆగస్టు 17, ఆదివారం

వెనిగర్‌తో తుడిచి, టేబుల్ ఫ్యాను కింద రెండు రోజులు పెడితే బూజు పోయింది కానీ మెడ దగ్గర ఇంత పగులు, వేలుగోరు దూరేంత. మందంగా మెత్తిన పాపం. పైన ఆరి లోపల తడి ఉండిపోతే ఇదే అవుతుంది.

ఫెవికాల్ పోద్దామనుకుంటుంటే అత్తయ్య ఆపారు. కొలువులో ఆవిడ పెళ్లప్పటి కొండపల్లి బొమ్మలున్నాయి, దశావతారాలు, అంబారీ ఏనుగు. వాటిని తెల్లపొణికి చెక్కతో చేస్తారు, చేతులూ కాళ్లూ విడివిడిగా చెక్కి అతికించేది మక్కుతో. మక్కంటే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. "వాళ్లు వందేళ్ల నుంచీ అతికిస్తున్నారుగా, నీ జంతికల పిల్ల మెడ ఎంత" అన్నారు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, ఒక రాత్రి నానబెట్టి, రుబ్బి, సన్నసెగ మీద ఉడికిస్తే తీగసాగే జిగురొచ్చింది, మా వీధి చివర కార్పెంటర్ దగ్గర తెచ్చిన పొట్టుని జల్లెడపట్టి అందులో కలిపా. పగుల్లోకి కూరి తడివేలితో నునుపు చేస్తే మర్నాటికి రాయి. ఇసుక కాగితం పట్టాక అతుకెక్కడో నాకే కనబడలేదు. ఇకనుంచి అన్ని మెడలకీ ఇదే.

ఆగస్టు 24, ఆదివారం

సాన్. జపాన్ డైరెక్టర్ మియజాకి తీసిన యానిమేషన్ సినిమా ప్రిన్సెస్ మొనొనొకెలో (1997) అడవిపిల్ల. చిన్నప్పుడు కన్నవాళ్లు తమ ప్రాణం కాపాడుకోడానికి పాపని తోడేలు ముందు పడేసి పారిపోతే, ఆ తోడేలు దేవత మోరోయే పెంచుకుంటుంది. మొనొనొకె అంటే పేరు కాదు, దెయ్యమో భూతమో అన్నట్టు. అంటే ఇనుము కరిగించే ఊరివాళ్లు భయంతో, కొంచెం వెటకారంతో పిలిచే పిలుపు. తిట్టులో రాకుమారి అయిన పిల్ల ఇంకెవరైనా ఉన్నారా అని తెగ ఆలోచించా, దొరకలేదు.

హీరో ఆమెని మొదటిసారి చూసేటప్పటికి తల్లి తోడేలు గాయం నుంచి చెడ్డ రక్తాన్ని నోటితో పీల్చి ఉమ్ముతూ ఉంటుంది, మూతంతా ఎరుపు. ఏ రాకుమారికీ ఇలాంటి ఎంట్రీ ఇవ్వలేదు ఎవరూ. నేను అదే చేద్దామనుకున్నా, పండగపూట రక్తమెందుకని నాకే అనిపించి మొహం మీద ఎర్ర త్రికోణాలతో సరిపెట్టా, నుదుట ఒకటి, బుగ్గల మీద చెరొకటి. భుజాల మీద తెల్ల బొచ్చుకి దూది పింజలు పింజలుగా అంటించా.

తోడేలు మాత్రం ఊరకుక్క అయింది. మూతి సాగదీస్తే ఎలక, చెవులు పెంచితే కుందేలు, మూడుసార్లు తీసి మెత్తి ఆఖరికి తోక గుబురుగా పెట్టి వదిలేశా. పాప దానికి బిస్కెట్ కూడా పెట్టింది.

అత్తయ్యకి సాన్ గురించి చెప్పడం తేలికైంది. "అడివిలో పెరిగింది, మృగాలే చుట్టాలు, ఊరోళ్లంటే పడదు, మన చెంచులక్ష్మిలా అన్నమాట" అని ఆవిడే అనేసుకున్నారు. కాకపోతే చెంచులక్ష్మి నరసింహస్వామిని చేసుకుంది, ఈ పిల్ల ఆఖర్న హీరో అంటే ఇష్టమేనంటుంది కానీ మనుషుల్ని క్షమించలేనని అడవికే వెళ్లిపోతుంది, అతనే వీలున్నప్పుడల్లా చూడ్డానికి వస్తానంటాడు. ఇది చెప్తే అత్తయ్య "అట్టాగైతే పెళ్లిబొమ్మల మెట్టు మీద కుదరదు మరి" అన్నారు.

అసలు గొడవ ఇక్కడే ఉంది. మాది ఐదు మెట్లు. పైన కలశం, రెండోది దేవుళ్లు, మూడోది రాజులూ పెళ్లిబొమ్మలూ, నాలుగోది వర్తకులు, బామ్మలు, పాములవాళ్లు, కింద జంతువులూ పార్కూ. నా బొమ్మలు మూడో మెట్టంటాను నేను. కిరీటం లేకుండా మూడో మెట్టేంటంటారు ఆవిడ. పార్కు పక్కన పెట్టుకోమని ఆఫర్.

ఆగస్టు 31, ఆదివారం

చవితి హడావుడిలో మధ్యలో ఏం జరగలేదు. ఇవాళ ఇద్దరు.

ఫియోనాని మొత్తం పాపే చేసింది, ముట్టుకోనివ్వలేదు. ష్రెక్ (2001) మా ఇంట్లో జాతీయగీతం. లావుగా, ఆకుపచ్చగా, ఎర్రజడ, ఎలా మెత్తినా ఫియోనాలాగే వస్తుంది, ఇప్పటిదాకా చేసినవాటిలో పగులు రాని బొమ్మ ఇదొక్కటే. పాత రాకుమార్తెల్లా పిట్టతో పోటీగా పాడుతుంటే ఆ పిట్ట పేలిపోవడం, ఫియోనా ఒక్క క్షణం జాలిగా చూసి దాని గుడ్లనే టిఫిన్ వండేయడం, ఆ సీను వస్తే మా పాప ఇప్పటికీ కిందపడి నవ్వుతుంది. నా రూలు ప్రకారం మాత్రం ఫియోనా ఫెయిలు, ఎవరికోసమూ వెనక్కి వెళ్లదు. ఆ మాటంటే "అందంగా మారిపోయే చాన్సుంది కదమ్మా, అయినా మారలేదుగా" అంది పాప. నోట్‌బుక్కులో రూలు పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టుకున్నా.

రెండోది ఫ్యూరియోసా, మ్యాడ్ మ్యాక్స్ ఫ్యూరీ రోడ్ (2015). చార్లిజ్ థెరాన్ గుండు చేయించుకుని వేసిన పాత్ర. సినిమా పేరు మ్యాక్స్‌ది, కథ ఈమెది. నీళ్లని గుప్పెట్లో పెట్టుకుని జనాన్ని ఏలే ఓ ముసలి దుర్మార్గుడి చెరలో ఉన్న ఐదుగురు ఆడపిల్లల్ని లారీలో దాచి తీసుకుపోతుంది, చిన్నప్పుడు తనని ఎత్తుకొచ్చిన పచ్చటి ఊరు చేరుకుందామని. తీరా పోతే ఆ ఊరే లేదు, బురద. అప్పుడు లారీ వెనక్కి తిప్పుతారు, పారిపోయి వచ్చిన చోటుకే. అసలు నా రూలు పుట్టిందే ఈ సీను నుంచి.

ఎడమ చెయ్యి ఇనుపది కాబట్టి గుజ్జుతో చేయబుద్ధి కాలేదు. పాడైన గోడగడియారం విప్పి పళ్లచక్రాలు మూడు, బాల్ పెన్ను స్ప్రింగు ఒకటి, వేళ్లకి పిన్నీసులు ముక్కలు చేసి. స్ప్రింగు మోచేతి దగ్గర పెడితే చెయ్యి కొంచెం ఊగుతుంది కూడా! దీనికి రెండు గంటలు పట్టింది, మొత్తం ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన రెండు గంటలు. నుదుటి మీద ఇంజిన్ గ్రీజుకి నల్ల పెయింట్. అత్తయ్య చూసి, "నుదురంతా కాటుకేంటి, దిష్టి తగలకుండానా?" అన్నారు. అవునండీ అన్నా.

సెప్టెంబర్ 7, ఆదివారం

ఇవాళ అత్తయ్య కుర్చీ బాల్కనీలోకి లాక్కుని కూర్చున్నారు. "మీ ఇంగ్లీషోళ్లూ జపానోళ్లూ అయ్యారు, మనవాళ్లలో ఎవరూ లేరా?" అని. మీరే చెప్పండి అత్తయ్యా అంటే తడుముకోకుండా "మాయా శశిరేఖ" అన్నారు.

శశిరేఖ కాదు, మాయా శశిరేఖ. మాయాబజార్ (1957) చూడని తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు కానీ, అసలు శశిరేఖని ఎత్తుకుపోయి ఆమె రూపంలో ఘటోత్కచుడు వచ్చి కూర్చుంటాడు కదా, సావిత్రి రెండూ తనే చేసింది, రెండోసారి లోపల ఎస్వీ రంగారావు ఉన్నట్టు నడిచింది. అలాగైతే లోపలున్నది రాక్షసుడండీ, రాకుమారి ఎలా అవుతుందంటే, "నడుస్తుంటే ఇల్లదిరిపోవాల. అట్టా నడవాలని చిన్నప్పుడు మాకందరికీ ఉండేది, నడిస్తే తన్నేవాళ్లు" అన్నారు. నేనింకేం మాట్లాడలేదు. రూలూ గీలూ పక్కన పెట్టి వైరు మెలేయడం మొదలుపెట్టా.

బయట సావిత్రి, లోపల రంగారావు, ఇది ఆరంగుళాల బొమ్మలో చూపించాలంటే మొహంతో అవదు, నిలబడ్డ తీరుతోనే అవ్వాలి. మొదటిసారి చేసింది మామూలు పెళ్లికూతురైపోయింది. ల్యాప్‌టాప్‌లో అహ నా పెళ్లియంట పాట పెట్టి ఆపి ఆపి చూశా. సుశీల గొంతులో సిగ్గుపడుతూ పాడుతుంటే మధ్యలో ఘంటసాల గొంతు దూరుతుంది, ఆ క్షణంలో సావిత్రి చెయ్యి లేని మీసం మీదికి పోతుంది, భుజాలు వెడల్పవుతాయి, ఛాతీ లేస్తుంది, తల మాత్రం పెళ్లికూతురి తలే. అది పట్టుకున్నా. కాళ్లు ఎడంగా, కుడిచెయ్యి పైపెదవి దగ్గరకి, ఎడమచెయ్యి నడుం మీద, నడుముకి వైరుని కొంచెం వెనక్కి వంచి. చీర ఎర్రరంగు వేయమన్నారు అత్తయ్య. మీరు చూసింది బ్లాక్ అండ్ వైట్ కదండీ అంటే, "నాకు ఎర్రగానే కనపడింది" అన్నారు.

సెప్టెంబర్ 14, ఆదివారం

రిప్లీ. ఏలియన్ (1979), సిగోర్నీ వీవర్ వేసిన పాత్ర. దీని గురించి పాపకి ఏమీ చెప్పలేదు, ఆ సినిమా చూపించే వయసు కాదు, అంతరిక్షంలో ఉద్యోగం చేసే ఆంటీ, చంకలో ఉన్నది ఆమె పిల్లి జోన్సీ అని మాత్రం చెప్పా. స్క్రిప్టులో పాత్రలన్నీ ఆడైనా మగైనా చేయొచ్చన్నట్టు రాసుకున్నారు, అందుకేనేమో ఆమెని ఎక్కడా ఆడపిల్లా అని వంకపెట్టరు. మొహానికి ఏదో పురుగు అతుక్కున్న మనిషిని లోపలికి తెస్తుంటే రూలు ఒప్పుకోదు తలుపు తీయనంటుంది, ఇంకొకడు తీసేస్తాడు, ఆ తర్వాత జరిగిందంతా ఆ తలుపు పుణ్యమే. మా ఆఫీసులో టెస్టింగ్ టీమ్ అందరికీ ఈమె కులదైవం అవ్వాలి. 1986 రెండో సినిమాలో పేలిపోబోయే చోటుకి న్యూట్ అనే చిన్నపాప కోసం వెనక్కి పోతుంది, కాబట్టి మన రూల్లో ఫస్ట్ క్లాసు. పిల్లి బాగా వచ్చింది, మనిషి యావరేజ్.

ఏడోదానికి టైము లేదనుకున్నా కానీ మల్లీశ్వరిని (1951) వదల్లేకపోయా. అందరు రాకుమార్తెలూ పల్లకీ కోసం ఎదురుచూస్తే, బావ నాగరాజు సరదాగా అన్న మాట పట్టుకుని రాయలవారు నిజంగా పల్లకీ పంపిస్తే, ఆ రాణివాసంలో ఊపిరాడక నాగరాజు కోసం అల్లాడిపోయిన పిల్ల భానుమతి. బొమ్మ చిన్నదే, నాలుగంగుళాలు. ఐస్‌క్రీమ్ పుల్లలతో పల్లకీ కట్టి, ఆమెని దాని పక్కన, దానికి వీపు తిప్పి నిలబెట్టా.

సెప్టెంబర్ 21, ఆదివారం

సుద్దపొడీ ఫెవికాలూ కలిపి రెండు కోట్లు, ఇసుక కాగితం, అక్రిలిక్ రంగులు, వార్నిష్. వారమంతా రాత్రుళ్లు ఇదే పని. లేయాది తెల్లబట్టలని అత్తయ్య మూతి విరిస్తే నడుముకి వెండి బెల్టు చూపించా, సినిమాలోనూ ఉంది, వడ్డాణం అనుకుని ఒప్పుకున్నారు.

సాయంత్రం మెట్లు వేసి తెల్లబట్ట పరిచాం. ఎవరిని ఎక్కడ పెట్టాలా అని నేను మళ్లీ వాదనకి రెడీ అవుతుంటే అత్తయ్య మాయా శశిరేఖని తీసుకెళ్లి మూడో మెట్టు మధ్యలో, రాజారాణీ బొమ్మల్ని అటు ఇటు జరిపి మరీ పెట్టారు. "మిగతావాళ్లని ఎక్కడ పెట్టమంటారు?" అన్నా. "పెళ్లికూతురు ఒక్కతే ఉంటుందేంటి, తోడు ఉండొద్దూ" అన్నారు. ఫియోనా వెడల్పు వల్ల అంబారీ ఏనుగు నాలుగో మెట్టుకి దిగాల్సి వచ్చింది. ఊరకుక్కని పార్కులోకి పంపించబోతే పాప ఏడ్చింది, సాన్ కాళ్ల దగ్గరే ఉంచాం.

సెప్టెంబర్ 24, బుధవారం

ఇవాళ పేరంటం. శనగలు సర్దుతూ వంటింట్లోంచి వింటున్నా, పక్కింటావిడకి అత్తయ్య లేయా కథ చెప్తున్నారు. నేను ఎప్పుడో ముక్కలు ముక్కలుగా చెప్పిందే, ఆవిడ తన పద్ధతిలో కూర్చుకున్నారు: "కవలపిల్లలండీ, తండ్రికి తెలీకుండా చెరోచోట దాచారు. మన కృష్ణుడి కథే, కాకపోతే ఇక్కడ కంసుడే తండ్రి. ఈ పిల్ల రాజుగారింట పెరిగింది, ఆ పెంచిన లోకాన్ని దీని కళ్లముందే బూడిద చేశారు, అయినా చుక్క కన్నీరు పెట్టుకోడానికి కూడా దీనికి టైము లేకపోయింది." పక్కింటావిడ అయ్యో అని లేయా ముందు ఒక పువ్వు పెట్టింది.

వచ్చిన పిల్లల్లో ఒకడు ఫ్యూరియోసా చెయ్యి ఊగుతోందని తెగ ఊపాడు, స్ప్రింగు ఊడి చక్రాలన్నీ సోఫా కిందకి దొర్లాయి. రెండు దొరికాయి, మూడోది దొరకలేదు. పండగయ్యాక చూద్దాం, మక్కు డబ్బాలో ఇంకా సగం ఉంది. ప్రస్తుతానికి ఒంటిచేత్తోనే నిలబడింది, సినిమాలో కూడా మ్యాక్స్‌తో ఫైటింగు అలాగే చేసింది కాబట్టి ఎవరికీ తేడా తెలీలేదు.